ఆస్ట్రేలియాకు నర్సుగా వెళ్ళాలంటే ముందు స్కిల్స్ అసెస్‌మెంటా, రిజిస్ట్రేషనా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకు అర్థం కావాలి కదా. ఐసీయూలో 6 ఏళ్ళుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సు మీరు. ఆస్ట్రేలియా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాస వీసాకి ప్రయత్నిస్తున్నారు. కన్సల్టెంట్ వెంటనే స్కిల్స్ అసెస్‌మెంట్‌కి డబ్బు కట్టమంటున్నారు, అక్కడ పనిచేస్తున్న మీ సీనియర్ మాత్రం ముందు రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోమంటున్నారు. రెండూ ఒకటేనా, ఏది ముందు, ఆస్పత్రి నుంచి తెచ్చే లెటర్‌లో ఏముండాలి, పాప పుట్టినప్పుడు వచ్చిన 14 నెలల గ్యాప్ వల్ల రిజెక్ట్ చేస్తారా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ సీనియర్ చెప్పిందే సరైనది. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత స్కిల్స్ అసెస్‌మెంట్. రెండూ వేర్వేరు సంస్థలు వేర్వేరు అవసరాల కోసం చేసే పరిశీలనలు. గ్యాప్ వల్ల రిజెక్ట్ చెయ్యరు, కానీ మీ వీసా పాయింట్ల లెక్క మారిపోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ సంగతి మీకు ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక లెటర్ అంటారా, ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ మంది ఇరుక్కుపోగా చూసింది అక్కడే, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

నేను కూడా ఐసీయూ నర్సునే. ఇదే దారిలో నడిచి, 2022లో ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసై రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను. అప్పటినుంచి తెలిసినవాళ్ళు పంపిన కాగితాలు చూసి ఎక్కడ ఏం తగ్గిందో చెప్తూ వస్తున్నాను. నేను ఏజెంటుని కాను, డబ్బు తీసుకోను, వీసా సలహా ఇచ్చే లైసెన్సు కూడా నాకు లేదు. నర్సుగా నాకు తెలిసింది చెప్తున్నాను.

రెండు సంస్థలు, రెండు ప్రశ్నలు

ఆప్రా అనేది ఆస్ట్రేలియాలో ఆరోగ్య వృత్తులవాళ్ళ రిజిస్ట్రేషన్ చూసే జాతీయ సంస్థ. నర్సుల విషయంలో ప్రమాణాలు పెట్టేది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డు, ఆ పని నడిపించేది ఆప్రా. వాళ్ళు చూసేది ఒక్కటే, ఈమెకు రోగిని అప్పగిస్తే రోగి క్షేమంగా ఉంటాడా అని.

ఆన్‌మాక్ వేరు. అక్కడి నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది ఆ సంస్థే, వీసా శాఖ కోసం విదేశీ నర్సుల స్కిల్స్ అసెస్‌మెంట్ చేసేదీ అదే. నైపుణ్యం ఆధారంగా వలస వచ్చే వీసాకి ఫలానా వృత్తి కింద ఈమె సరిపోతుంది అని లెటర్ ఇస్తుంది. ఆ లెటర్ చేతిలో ఉన్నా వార్డులో పనిచెయ్యడానికి కుదరదు. రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే 189, 190, 491 లాంటి పాయింట్ల వీసాలకు (అనుభవం, ఇంగ్లిష్ లాంటివాటికి పాయింట్లు వేసి ఇచ్చేవి) కుదరదు. మీరు పీఆర్ అంటున్నారు కాబట్టి మీకు రెండూ కావాలి. ఆస్పత్రే స్పాన్సర్ చేసే 482 వీసా మీద వెళ్ళే నర్సుకైతే మొదట అడిగేది రిజిస్ట్రేషనే.

మరి రిజిస్ట్రేషనే ముందు ఎందుకంటే, ఆన్‌మాక్‌లో ఆస్ట్రేలియా గానీ న్యూజిలాండ్ గానీ రిజిస్ట్రేషన్ ఇచ్చిన నర్సులకు మాడిఫైడ్ అసెస్‌మెంట్ అని ఒక దారి ఉంది. మీ చదువు అక్కడి చదువుకు సమానమా కాదా అన్న పెద్ద ప్రశ్న రిజిస్ట్రేషన్ దగ్గరే తేలిపోయింది కాబట్టి మళ్ళీ మొదటినుంచి తవ్వరు. కాగితాలు తగ్గుతాయి, అనుమానాలు తగ్గుతాయి. రిజిస్ట్రేషన్ లేకుండా వెళ్తే ఫుల్ అసెస్‌మెంట్, అందులో చదువు దగ్గరినుంచి ప్రతిదీ మీరే నిరూపించుకోవాలి. ఒకవేళ ఆ లెటర్ వచ్చినా రిజిస్ట్రేషన్ వచ్చేదాకా నర్సుగా ఉద్యోగం లేదు. చాలామంది ఈ తిరకాసు తెలియక రెండు చోట్లా ఒకేసారి డబ్బు కట్టేసి, ఒకచోట గడువు అయిపోతుంటే ఇంకోచోట జవాబు కోసం ఎదురుచూస్తూ టెన్షన్ పడతారు.

రిజిస్ట్రేషన్ దారి ఎలా సాగుతుంది

2020 మార్చి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ముందు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ చెక్ అని ఉంటుంది, మీ చదువు గురించి ప్రశ్నలు అడిగి మిమ్మల్ని ఏ, బీ, సీ అనే మూడు స్ట్రీముల్లో ఒకదాంట్లో పెడుతుంది. ఏ అంటే చదువు సమానమే, పరీక్ష అక్కర్లేదు. బీ అంటే దగ్గరగా ఉంది కానీ పరీక్ష పెట్టి చూడాలి. సీ అంటే ముందు చదువు పెంచుకుని రండి అని. డిగ్రీ స్థాయి చదువా కాదా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం, కాబట్టి డిప్లొమా మాత్రమే ఉన్నవాళ్ళు ఏ కోచింగ్‌కీ డబ్బు కట్టకముందే ఈ సెల్ఫ్ చెక్ చేసుకోవాలి.

బీలో పడితే రెండు పరీక్షలు. రిజిస్టర్డ్ నర్సులకు మొదటిది ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్, అమెరికా వాళ్ళు రాసే అదే పరీక్ష. 2023 ఏప్రిల్‌లో దాని రూపం మారింది, ఇప్పుడు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, 5 గంటల సమయం. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది కాబట్టి ప్రశ్నలు కష్టంగా వస్తున్నాయంటే భయపడకండి, అది మామూలే. రెండోది ఓస్కీ, దానికి స్వయంగా వెళ్ళాలి, నేను అడిలైడ్‌లో ఇచ్చాను. దాని గురించి కింద చెప్తాను.

మీరు ఎప్పుడైనా సింగపూర్, యూకే, ఐర్లాండ్, అమెరికా, స్పెయిన్ లేదా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, ఒంటారియోల్లో రిజిస్టర్ అయ్యి పనిచేసి ఉంటే మాత్రం ఆగండి. 2025 ఏప్రిల్ నుంచి అలాంటివాళ్ళకు, 2017 తర్వాత అక్కడ 1,800 గంటలు పనిచేసి ఉంటే, ఈ పరీక్షలు లేకుండానే దారి తెరిచారు. మీ ప్రశ్నలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇక లెటర్

అసెస్‌మెంట్ అనగానే మనకు పరీక్ష గుర్తొస్తుంది, కూర్చుని చదివేస్తాం. కాగితాలదేముందిలే, తర్వాత తెచ్చుకోవచ్చు అనుకుంటాం. ఫైలు చూసే మనిషి మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు, మీ నైట్ డ్యూటీలు చూడలేదు, మీరు మానిటర్ శబ్దం విని మంచం దగ్గరికి పరిగెత్తడం చూడలేదు. ఆవిడ ముందున్నది ఒక కాగితం. మీ పని ఆ కాగితం మీదికి రాకపోతే ఆవిడ లెక్కలో మీరు ఆ పని చెయ్యనట్టే.

నా మొదటి లెటర్‌లో ఉన్నది ఇంతే: "ఈమె మా ఆస్పత్రిలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు స్టాఫ్ నర్సుగా పనిచేశారు. విధుల్లో నిజాయితీగా ఉన్నారు. నడవడిక సంతృప్తికరం. వీరికి మంచి భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాము." కింద హెచ్ఆర్ సంతకం, గుండ్రటి ముద్ర. దాన్ని చూసి నేను సంతోషపడ్డాను కూడా. అది వెనక్కి వచ్చింది, వివరాలు చాలవు అని. తర్వాత నిదానంగా చదివి చూస్తే అందులో నర్సు అన్న ఒక్క మాట తీసేసి ఇంకే ఉద్యోగం పేరు పెట్టినా సరిపోతుంది. ఐసీయూ అన్న మాట లేదు. వెంటిలేటర్ అన్న మాట లేదు. వారానికి ఎన్ని గంటలో లేదు. నాలుగేళ్ళ పని నాలుగు వాక్యాల్లో మాయమైపోయింది.

రెండోసారి నేనే డ్రాఫ్ట్ రాసుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. డ్రాఫ్ట్ మీరు రాయడంలో తప్పేమీ లేదు, అందులో ఉన్నది నిజమై ఉండాలి, ఆవిడ చదివి తన మాటగా ఒప్పుకుని సంతకం పెట్టాలి, అంతే. అందులో ఇవి ఉండాలి:

తేదీలు రోజుతో సహా. చేరిన రోజు, మానేసిన రోజు. "2019 నుంచి" అంటే చాలదు. వారానికి ఎన్ని గంటలు, ఫుల్ టైమా పార్ట్ టైమా, జీతం ఇచ్చే ఉద్యోగమా. ఏ యూనిట్, ఎన్ని పడకలు, ఎలాంటి రోగులు, ఒక నర్సుకి ఎంతమంది. మీ హోదా మధ్యలో మారితే ఏ తేదీ నుంచి మారిందో. సంతకం మీ పనిని స్వయంగా చూసిన సీనియర్ నర్సుది, వాళ్ళ హోదా, నర్సింగ్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆస్పత్రి ఫోను, ఆస్పత్రి పేరుమీద ఉన్న ఈమెయిల్. తిరిగి ఫోను చేసి, మెయిల్ పంపి నిర్ధారించుకుంటారు. ఎవరైనా తెరుచుకోగలిగే ఉచిత మెయిల్ ఐడీ పెడితే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఇక పని వివరాలు. ఇక్కడ దాదాపు అందరూ ఒకటే తప్పు చేస్తారు, చేసిన పనుల చిట్టా రాస్తారు. సక్షన్ (ట్యూబులోంచి కఫం లాగెయ్యడం), క్యాథటర్, ఇంజెక్షన్లు, డ్రెస్సింగ్, వైటల్స్. ఆస్ట్రేలియా బోర్డు 2016లో తెచ్చిన రిజిస్టర్డ్ నర్స్ ప్రమాణాలు 7 ఉన్నాయి. అందులో మొదటిదే విమర్శనాత్మకంగా ఆలోచించడం. తర్వాత రోగితో, టీమ్‌తో సంబంధం, మన సామర్థ్యాన్ని నిలబెట్టుకోవడం, రోగిని పూర్తిగా పరిశీలించడం, ప్లాన్ వెయ్యడం, క్షేమంగా చెయ్యడం, చేశాక ఫలితం మళ్ళీ చూసుకోవడం. ఎన్ని పనులు చేశారన్నది కాకుండా, ఎలా ఆలోచించి చేశారన్నది అడుగుతున్నారు. ఆ ఏడూ ఒకసారి చదివి, మీ పనిని వాటి వరుసలో పెట్టి చూడండి.

ఉదాహరణకి, "వెంటిలేటర్ రోగులకు సక్షన్ చేశారు" అని రాస్తే చెయ్యి కనిపిస్తుంది, బుర్ర కనిపించదు. దాన్నే ఇలా రాయండి: "వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఆక్సిజన్ శాతం తగ్గినప్పుడు ట్యూబు స్థానం, ఛాతీ శబ్దాలు పరిశీలించి, సక్షన్ అవసరమని నిర్ణయించి చేశారు. తర్వాత తిరిగి పరిశీలించి నమోదు చేశారు. మెరుగు లేనప్పుడు వెంటనే డాక్టరుకు తెలియజేశారు." మీరు రోజూ చేసేది ఇదే. చేసి చేసి అలవాటైపోయి, ఇదొక ఆలోచన అని మనకే తట్టదు. ఇలాంటివి ఆరేడు ఉంటే చాలు. ఇనోట్రోప్ డ్రిప్ (గుండెకు బలమిచ్చే మందు) బీపీని బట్టి ఆర్డరు ప్రకారం ఎలా మార్చేవారు, హై రిస్క్ మందులు ఇంకో నర్సుతో ఎలా సరిచూసుకునేవారు, షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఎలా ఇచ్చేవారు, కొత్తగా చేరినవాళ్ళకి ఏం నేర్పారు, రోగి కుటుంబంతో ఎలా మాట్లాడారు. చెయ్యనిది ఒక్కటి కూడా కలపకండి. దాని గురించి చివర్లో మళ్ళీ చెప్తాను.

కాలేజీ నుంచి తెచ్చేది

మార్కుల జాబితా ఉంటే సరిపోతుంది అనుకుంటారు. వాళ్ళకి కావాల్సింది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ప్రతి సబ్జెక్టుకూ థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని విడివిడిగా ఉండేది. నర్సింగ్ చదువును ప్రపంచంలో చాలా దేశాలు గంటల్లోనే కొలుస్తాయి. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ నర్సు కోర్సుకి గుర్తింపు ఇవ్వాలంటే కనీసం 800 గంటల క్లినికల్ ప్లేస్‌మెంట్ ఉండాలి. యూరప్ నిబంధన ఇంకా కట్టుదిట్టం, మొత్తం 4,600 గంటలు, అందులో సగమైనా క్లినికల్. మనం మూడేళ్ళో నాలుగేళ్ళో వార్డుల్లో తిరిగాం, అది వేల గంటలు ఉంటుంది, కానీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో మెంటల్ హెల్త్ ఎదురుగా క్లినికల్ గడి ఖాళీగా ఉంటే సున్నా అని చదువుకుంటారు.

నాకు తెలిసిన ఒకామెకి సరిగ్గా అదే జరిగింది. కాలేజీ ఇచ్చిన కాగితంలో సబ్జెక్టుల పేర్లు, మార్కులు ఉన్నాయి, గంటలు లేవు. ఆమె చదివిన ఏడాది తర్వాత సిలబస్ మారింది, పాత సిలబస్ ఎవరి దగ్గరా లేదన్నారు. చివరికి ఆమె క్లినికల్ రికార్డు పుస్తకం, పాత బ్యాచ్ రొటేషన్ ప్లాన్ తీసుకెళ్ళి ప్రిన్సిపాల్‌కి చూపించి గంటలు రాయించుకుంది, నెలలు పట్టింది. మీ రికార్డు పుస్తకాలు ఇంట్లో ఎక్కడున్నా వెతికి పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి, మీరు రిజిస్టర్ అయిన నర్సింగ్ కౌన్సిల్ నుంచి వచ్చే వెరిఫికేషన్, గుడ్ స్టాండింగ్ కాగితం (మీ రిజిస్ట్రేషన్ నిజమే, మీ మీద మచ్చ లేదు అని చెప్పేది) మీ చేతి మీదుగా వెళ్తే చెల్లకపోవచ్చు. నేరుగా వాళ్ళే పంపాలి అని ఉన్నచోట అలాగే జరగాలి. పేర్లు కూడా చూసుకోండి. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పెళ్ళి తర్వాతి పేరు ఉంటే అవన్నీ ఒక్క మనిషివే అని చెప్పే అఫిడవిట్ ముందే చేయించుకోండి. చిన్న విషయం, కానీ దీనివల్ల ఫైలు ఆగితే చాలా బాధగా ఉంటుంది.

మీ 14 నెలల గ్యాప్

ఇది రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది, విడివిడిగా చూడండి.

రిజిస్ట్రేషన్ దగ్గర బోర్డు అడిగేది రీసెన్సీ, గత 5 ఏళ్ళలో కనీసం 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలి. ఫుల్ టైమ్ చేసేవాళ్ళకి అది మూడు నాలుగు నెలల పని. మీరు ఎప్పుడో దాటేశారు. పాప కోసం ఆగినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. సీవీలో ఆ నెలల్ని దాచకుండా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కుటుంబ బాధ్యత అని ఒక్క లైను రాసెయ్యండి. వివరణ లేని ఖాళీయే ప్రశ్నలు తెస్తుంది.

పాయింట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. విదేశంలో చేసిన పనికి, చివరి 10 ఏళ్ళలో, 3 ఏళ్ళు నిండితే 5 పాయింట్లు, 5 ఏళ్ళు నిండితే 10, 8 ఏళ్ళు నిండితే 15. వారానికి కనీసం 20 గంటల జీతం ఉన్న పనే లెక్కలోకి వస్తుంది. మీరు "6 ఏళ్ళు" అన్నారు. ఆ ఆరేళ్ళలోనే ఈ 14 నెలలు కలిసి ఉంటే, 72 నెలల్లోంచి 14 తీస్తే 58 మిగులుతాయి. అంటే 4 ఏళ్ళ 10 నెలలు. 5 ఏళ్ళు నిండలేదు. 10 పాయింట్లు అనుకుని ఫారం నింపితే మీకు నిజంగా ఉన్నది 5. గ్యాప్ పోగా ఆరేళ్ళు ఉంటే ఏ బాధా లేదు. అప్లై చేసేముందు రోజులతో సహా లెక్క వేసుకోండి. వీసాకి అప్లై చెయ్యమని ఇన్విటేషన్ వచ్చాక పాయింట్లు తక్కువని తేలితే వీసా తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. మీకు తగ్గేది రెండు నెలలే అయితే ఆ రెండు నెలలు ఆగి నింపడం నయం. ఎలాగూ రిజిస్ట్రేషన్‌కి పట్టే కాలంలో అవి నిండిపోతాయి, ముందు రిజిస్ట్రేషన్ అనడానికి మీ విషయంలో ఇది ఇంకో కారణం.

ఇంకో మాట, స్కిల్స్ అసెస్‌మెంట్ లెటర్‌లో వృత్తి కోడ్ రాసి ఉంటుంది. ఐసీయూ అనుభవానికి సరిపోయేది 254415, క్రిటికల్ కేర్ అండ్ ఎమర్జెన్సీ. మెడికల్ వార్డుకి 254418, సర్జికల్‌కి 254424, ఇలా విడివిడిగా ఉన్నాయి. మీ లెటర్‌లో ఐసీయూ అని స్పష్టంగా లేకపోతే ఆ కోడ్ అడగడానికి మీ దగ్గర ఆధారం లేదు. మళ్ళీ ఆ లెటర్ దగ్గరికే వచ్చాం.

ఇంగ్లిష్ ఎప్పుడు రాయాలి

అందరూ మొదట రాసేది ఇదే, నాకు తెలిసి ఇదే తప్పు కూడా. బోర్డు సాధారణంగా రెండేళ్ళ లోపు ఫలితాన్నే చూస్తుంది. మొదటి నెలలోనే రాసేసి, ఎన్‌క్లెక్స్‌కి ఏడాది, ఓస్కీ తేదీకి ఇంకొన్ని నెలలు అంటూ పోతే రిజిస్ట్రేషన్ ఫారం నింపే నాటికి గడువు తీరిపోతుంది, మళ్ళీ రాయాలి. ప్రాక్టీస్ మొదటినుంచీ చెయ్యండి, పరీక్ష మాత్రం ఎన్‌క్లెక్స్ అయ్యాక పెట్టుకోండి. 2025 మార్చి నుంచి బోర్డు రైటింగ్‌లో కాస్త సడలించింది, ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ ఒక్కోదాంట్లో 7, మొత్తం మీద 7, రైటింగ్‌లో 6.5 వస్తే చాలు. ఇంతకుముందు ఆ అర మార్కు దగ్గర ఎంతమంది ఆగిపోయారో నాకు తెలుసు. కానీ వీసా పాయింట్లకి లెక్క వేరు, అక్కడ ప్రతి భాగంలోనూ 7 వస్తేనే 10 పాయింట్లు.

ఓఈటీనా (ఆరోగ్య వృత్తులవాళ్ళ కోసమే పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) ఐఈఎల్‌టీఎస్‌ఆ అంటే వార్డులో పనిచేస్తున్న నర్సుకి నేను ఓఈటీ అంటాను. రైటింగ్‌లో కేస్ నోట్సు ఇచ్చి ఒక రిఫరల్ లెటర్ లాంటిది రాయమంటారు, స్పీకింగ్‌లో రోగితో మాట్లాడే రెండు రోల్ ప్లేలు. మనకు తెలిసిన ప్రపంచమే. కేస్ నోట్సులో ఉన్నదంతా ఎక్కించెయ్యకుండా, చదివేవాళ్ళకి ఏది కావాలో ఏరి రాయడమే అందులో అసలు కిటుకు.

ఓస్కీలో అనుభవజ్ఞులే ఎందుకు తడబడతారు

మొత్తం పది స్టేషన్లు, ఒక్కోదాంట్లో ఒక్కో పని చేసి చూపించాలి. కొత్తవాళ్ళ కంటే సీనియర్లు ఫెయిలవడం చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఎమర్జెన్సీలో 8 ఏళ్ళు చేసిన ఒకావిడ నాతో కలిసి ప్రాక్టీస్ చేసేది. మందులిచ్చే స్టేషన్‌లో చేతికున్న బ్యాండ్ కళ్ళతో చూసింది, పేరు సరిపోయింది, మందు ఇచ్చేసింది. రోగిని పేరు, పుట్టిన తేదీ చెప్పమని నోరు తెరిచి అడగలేదు, ఎలర్జీ ఉందా అని అడగలేదు. ఎలర్జీ గడి తాను చూశానని ఆవిడకి తెలుసు, కానీ బల్ల అవతల కూర్చున్న ఎగ్జామినర్‌కి తెలియదు కదా. అక్కడ చూసింది, ఆలోచించింది, చెయ్యబోయేది అన్నీ పైకి చెప్పాలి. చేతులు శుభ్రం చేసుకోవడం, పేరు చెప్పి పరిచయం చేసుకోవడం, అనుమతి అడగడం, నొప్పి ఉందా అని అడగడం, పోయేముందు కాల్ బెల్ అందేలా పెట్టడం. ఇవి రెండు మూడు నెలలు మీ డ్యూటీలోనే నిజం రోగుల దగ్గర పైకి అంటూ చెయ్యండి. నేను అలాగే చేశాను. మొదట్లో కొలీగ్స్ వింతగా చూశారు, కానీ పరీక్ష రోజు నోరు దానంతటదే మాట్లాడింది.

కన్సల్టెంట్ గురించి

వాళ్ళందరూ చెడ్డవాళ్ళని అనను. కానీ ముందు స్కిల్స్ అసెస్‌మెంట్‌కి కట్టండి అని తొందరపెడితే కారణం అడగండి, మీ కేసులో ఫుల్ అసెస్‌మెంటా మాడిఫైడా అని అడగండి. జవాబు తడబడితే మీకే తెలుస్తుంది. ఆస్ట్రేలియా మైగ్రేషన్ ఏజెంట్లకు అక్కడ ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, నంబరు అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అకౌంట్ల పాస్‌వర్డులు మీ దగ్గరే ఉండాలి, మీ ఈమెయిల్‌తోనే తెరవాలి. వేరేవాళ్ళ మెయిల్‌కి వెళ్ళిన "ఇంకో కాగితం పంపండి" అనే కబురు మీదాకా రాక గడువు దాటిపోయినవాళ్ళు నాకు తెలుసు.

"గ్యాప్‌కి ఒక చిన్న క్లినిక్ లెటర్ పెట్టేద్దాం, ఎవరు చూస్తారు" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. తప్పుడు కాగితం అని తేలితే వీసా తిరస్కరించడమే కాకుండా మూడేళ్ళ దాకా మళ్ళీ ఇవ్వకుండా ఆపే నిబంధన ఉంది. రిజిస్ట్రేషన్ బోర్డు దగ్గర అది ఇంకా పెద్ద మచ్చ, ఎందుకంటే అబద్ధం రాసిన మనిషి మందుల చార్టులో నిజం రాస్తుందని ఎలా నమ్ముతారు? మీకు నిజంగా ఆరేళ్ళ ఐసీయూ పని ఉంది. 14 నెలల కోసం దాన్ని పణంగా పెట్టకండి.

వేరే దేశాల గురించి అడగలేదు కానీ, కింద కామెంట్లలో ఎవరో యూకే, జర్మనీ అని రాశారు కాబట్టి ఒక్క మాట. యూకేలో విడిగా స్కిల్స్ అసెస్‌మెంట్ లెటర్ అంటూ ఉండదు, అక్కడి నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ వాళ్ళ సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), ఓస్కీ కలిపి టెస్ట్ ఆఫ్ కాంపిటెన్స్. అమెరికాకి ఎన్‌క్లెక్స్‌తో పాటు వీసా స్క్రీన్ (చదువు, లైసెన్సు, ఇంగ్లిష్ సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) కావాలి. జర్మనీలో మీ చదువును వాళ్ళ చదువుతో పోల్చి తేడాలు చెప్పే ఉత్తర్వు ఇస్తారు, ఆ తేడాల్ని పరీక్షతో గానీ అడాప్టేషన్ శిక్షణతో గానీ పూడ్చుకోవాలి, దానితోపాటు జర్మన్ భాష. దేశం ఏదైనా ట్రాన్‌స్క్రిప్ట్, లెటర్, కౌన్సిల్ కాగితం ఈ మూడూ మాత్రం తప్పవు.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది: ఈ వారం సెల్ఫ్ చెక్. దాంతోపాటే కాలేజీకి ట్రాన్‌స్క్రిప్ట్ అర్జీ, ఎందుకంటే అది ఎంత ఆలస్యమవుతుందో మన చేతిలో ఉండదు. స్ట్రీమ్ బీ వస్తే ఎన్‌క్లెక్స్ చదువు మొదలుపెట్టండి, అది అయ్యాక ఇంగ్లిష్, ఓస్కీ, రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఆన్‌మాక్, అప్పుడు పాయింట్లు నింపడం.

లెటర్ మాత్రం ఉద్యోగం మానేసేదాకా ఆగకండి. మా సూపరింటెండెంట్ మేడమ్ నేను రెండోసారి వెళ్ళిన రెండు నెలలకే రిటైరయ్యారు, అప్పుడు వెళ్ళి ఉండకపోతే నా పని చూసినవాళ్ళు ఆ ఆఫీసులో ఎవరూ మిగిలేవాళ్ళు కాదు. రౌండ్స్ టైమ్‌లో వెళ్ళకండి, మధ్యాహ్నం కాస్త తీరికగా ఉన్నప్పుడు డ్రాఫ్ట్ ప్రింటు తీసుకుని వెళ్ళి, చదవడానికి వారం టైమ్ ఇవ్వండి, సంతకం చేసిన ఒరిజినల్స్ రెండు అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు కూడా అన్ని నెలలవీ స్కాన్ చేసి పెట్టుకోండి. డ్రాఫ్ట్ తయారయ్యాక ఆస్పత్రి పేరు, మనుషుల పేర్లు తీసేసి ఇక్కడ పెడితే ఎక్కడ ఏం తగ్గిందో చూసి చెప్తాను. ఆ 14 నెలలు ఏ నెల నుంచి ఏ నెల దాకానో కూడా రాయండి, లెక్క కలిసి వేద్దాం.